రాజాంకీ పూసపాటిరేగకీ ఒకే డ్రాయింగా?

పేదలకు తక్కువ ఖర్చులో ఇళ్లు కట్టే సంస్థల్లో పనిచేసే ఇంజనీర్లూ, సూపర్‌వైజర్లూ, దయచేసి ఇది చివరిదాకా చదవండి. సముద్రానికి దూరంగా రాజాం వైపు కట్టిన ఇంటి డ్రాయింగునే తీసుకెళ్లి తీరం వైపున్న పూసపాటిరేగలోనో భావనపాడులోనో దించేయకండి. ఇంటికింత అని దాతలకు ఒకే అంకె చెప్పేశాం కాబట్టి అన్ని ఊళ్లలోనూ అందులోనే సర్దాలన్న పట్టుదల మంచిది కాదు. సముద్రం పక్కన ఇల్లు ఆ ఖర్చుకి రాదు. వచ్చిందంటే ఎక్కడో ఏదో తగ్గించినట్టే.

ఏం తగ్గుతుందో కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 తీసి చూడండి. తీరానికి దూరంగా, ఎండావానల దెబ్బ తగలని లోపలి కాంక్రీటుకు ఎం20 గ్రేడు (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఊచ మీద 20 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, చాలు. నేరుగా ఉప్పుగాలి తగిలేదానికి ఎం30, 45 మిల్లీమీటర్ల కవరు, ఘనమీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు. నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోకే వస్తుంది. పారతో కలపడం తేలికవుతుందని మేస్త్రి ఇంకో బిందె పోస్తాడు. ఆ నీళ్లు ఆరిపోయాక మిగిలే సన్నటి రంధ్రాల్లోంచే ఉప్పు ఊచదాకా పోతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. దాని మీద మళ్లీ ప్లాస్టరింగు చేసి సున్నం కొడితే లోపలి తుప్పు ఆగదు.

ఎం30 తట్టల లెక్కతో వచ్చేది కాదు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 అనుకుంటూ కొలతతో కలిపే నామినల్ మిక్సు ఎం20తో సరి. ఆ పైన అయితే మన ఇసుక, మన కంకర ల్యాబుకి పంపి ఏది ఎంత కలపాలో తేల్చే మిక్స్ డిజైన్ చేయించాల్సిందే. స్లాబు రోజున అదే కాంక్రీటుతో మూడు క్యూబులు (ఘనాకారపు దిమ్మెలు) పోసి 28వ రోజున వాటి బలం పరీక్షించాలి. "ఇంత చిన్న ఇంటికి ల్యాబెందుకు" అన్న మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ ఇంట్లోవాళ్లు జన్మలో ఇంకో ఇల్లు కట్టుకోలేరండీ!

సన్‌షేడ్ సంగతి చూడండి. అది గోడలోంచి బయటికి వేలాడుతుంది కాబట్టి లాగుడంతా పైభాగంలోనే, ఊచలూ పైనే ఉండాలి. కాంక్రీటు మోసేవాళ్లు తొక్కుతూ నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. అప్పుడు బరువూ ఆపలేవు, కింద కవరూ మిగలదు. ఊచ వంచి చేసిన కుర్చీలు పెట్టండి, నడవడానికి పలకలు వేయించండి. ఊచ కింద కవరు నిలిపే చిన్న దిమ్మె, అదే కవరు బ్లాకు, దాని బదులు కంకర ముక్క దోపితే వైబ్రేటరు తగలగానే జారిపోతుంది. బ్లాకులు ముందే పోసి, పచ్చిగా ఉండగానే బైండింగ్ వైరు గుచ్చి, రెండు వారాలు నీళ్లలో నానబెట్టి, మీటరులోపు ఒకటి చొప్పున కట్టాలి. పాత డ్రాయింగు మీద పెన్నుతో 45 అని దిద్దేస్తే పనవదు. నాలుగంగుళాల సన్‌షేడ్‌లో పైనా కిందా అంత కవరు ఇస్తే ఊచకు చోటేది? మందం పెంచి ఊచ లెక్క మళ్లీ వేయాలి.

తీరం ఊళ్లలో నూతి నీళ్లు పరీక్ష చేయించకుండా కలపకండి. ఊచ ఉండే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపొడ్డు ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు. నాగావళి, వంశధార నదుల ఇసుక తెప్పించడానికయ్యే లారీ కిరాయి ఎస్టిమేటులోనే రాయండి.

ఖర్చు తగ్గించే చోట్లు లేకపోలేదు. వంకరలు లేని నలుచదరపు ప్లాను, పక్కపక్క ఇళ్లకు ఉమ్మడి గోడ, వంటగదీ బాత్రూమూ ఒకే గోడకు చేర్చి పైపులు తగ్గించడం, ఫ్లైయాష్ ఇటుక. వీటిలో ఎంతైనా మిగుల్చుకోండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి పైకప్పు పోగొట్టుకున్నవాళ్లకు స్లాబంటే కొండంత ధైర్యం. ఆ స్లాబుకు నీళ్లు కట్టే పని మాత్రం "ఇంటివాళ్లే చూసుకుంటారు" అని ఎస్టిమేటులో సున్నా వేస్తారు. ఆ ఇంటాయన తెల్లవారకముందే చేపల వేటకెళ్తాడు, ఇంటామె చేపల బుట్టతో సంతకెళ్తుంది. మధ్యాహ్నానికి మట్టి కట్టల మధ్య నీళ్లు ఇంకి స్లాబు తెల్లగా ఎండిపోయి ఉంటుంది. పీపీసీ (ఫ్లైయాష్‌లాంటివి కలిసిన పోర్ట్‌ల్యాండ్ పోజొలానా) సిమెంటుకు 14 రోజుల తడి కావాలి. ఆ 14 రోజులకూ ఒక మనిషి కూలీ, మంచినీళ్ల ట్యాంకరు ఖర్చూ వేరే పద్దుగా చూపించండి.