మౌస్ ఎవరి చేతిలో?

ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, వెనక ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మౌస్ చురుకైన పిల్ల చేతిలో ఉంటుంది, పక్క పిల్ల చేతులు ఒళ్లో ఉంటాయి. జవాబు సరైనదంటూ తెర మీద పచ్చగుర్తు పడుతుంది. పక్క పిల్ల ప్రశ్న చదవడం ముగించేలోపే తర్వాతిది వచ్చేస్తుంది. దీన్నే సహకార అభ్యసనం అని రికార్డుల్లో రాసుకుంటున్నాం.

ఒకే స్థాయి వారిని కలపాలా, భిన్న స్థాయుల వారినా అన్నది పాత వాదనే. యిపింగ్ లౌ, ఫిలిప్ అబ్రామి తదితర విద్యా పరిశోధకులు 1996లో అప్పటి అధ్యయనాలను క్రోడీకరించారు. వెనకబడినవారికి మిశ్రమ బృందాలు, మధ్యస్థులకు తమ స్థాయివారి సాంగత్యం మేలని, ముందున్నవారికి పెద్ద తేడా లేదని తేల్చారు. మధ్యస్థుల గోడు ఎవరికీ పట్టదు. నలుగురి బృందంలో మొదటి విద్యార్థి చివరి విద్యార్థికి చెబుతుంటే, నడుమ ఇద్దరూ అడగరు, చెప్పరు. వివరించినవారు నేర్చుకుంటారని, ఉత్త జవాబు అందుకున్నవారికి ఒరిగేదేమీ లేదని విద్యా పరిశోధకురాలు నొరీన్ వెబ్ అధ్యయనాలు చూపాయి.

అందుకే మా మొగ్గు జంటలకే. 32 మంది తరగతైతే, బోధించబోయే అంశం మీదే చిన్న పరీక్ష పెట్టి, మార్కుల వరుసను 16 దగ్గర విడగొట్టాలి. 1కి 17, 2కి 18, అలా చివరికి 16కి 32 జత. 1ని 32తో కలిపితే వివరణ పోయి ‘ఇక్కడ నొక్కు’ అన్న ఆజ్ఞ మిగులుతుంది.

మౌస్ పట్టినవారు సొంతంగా నొక్కకూడదు. ఏది, ఎందుకు అన్నది పక్కవారు చెప్పాకే నొక్కాలి. పది నిమిషాలకోసారి గంట కొట్టి మౌస్ మార్పించాలి, వాళ్లకే వదిలేస్తే మారదు. వేగానికి పాయింట్లిచ్చే టైమర్ ఉంటే ముందు దాన్ని ఆపేయాలి. ఈ కష్టమంతటినీ అదొక్కటే చెడగొడుతుంది.

పరీక్ష మాత్రం ఎవరిది వారిదే. జంట స్కోరుకు ఇద్దరి పెరుగుదల సగటు తీయాలి. ఒకరు 40 నుంచి 52కి, మరొకరు 85 నుంచి 88కి వస్తే జంటకు 7.5. 90 దాటినవారికి పెరిగే చోటుండదు కనుక, ఆ స్థాయి నిలుపుకుంటే 10 పెరిగినట్టు లెక్కించాలి. లేకుంటే వాళ్లతో జత కట్టడానికి ఎవరూ ఇష్టపడరు.

ఐదారు వారాలకు మళ్లీ పరీక్ష, కొత్త జంటలు. జాబితాను మార్కుల వరుసలోనే గోడకు అంటించకండి, గీత ఎక్కడ పడిందో పిల్లలు ఒక్క చూపులో పట్టేస్తారు.