మైక్‌కు తాళం వేయించి, తలుపు తెరిచి ఉంచే సలహా

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. బంధువుల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, రిటైరైన మాస్టార్ల గ్రూపుల్లో. అందులో చెప్పేది ఇంతే: ఫోన్ మైక్ 24 గంటలూ మన మాటలు వింటోంది, చీర గురించి మాట్లాడగానే చీరల ప్రకటన రావడమే రుజువు. తెర మీద పచ్చ చుక్క కనిపిస్తే ఫోన్ హ్యాక్ అయినట్టే. అన్ని యాప్‌లకూ కెమెరా, మైక్ పర్మిషన్లు తీసేసి, ముందు కెమెరాకు స్టిక్కర్ అంటిస్తే ఇక ఎవరూ మనల్ని ఏమీ చేయలేరు.

మొదట ఆ వినడం సంగతి. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైక్ ఆన్ చేసి మాటలు బయటికి పంపే యాప్ ఒక్కటీ దొరకలేదు. కానీ తన తెర మీద మనం ఏం నొక్కుతున్నామో, ఏం రాస్తున్నామో వీడియోగా తీసి ఇంకో కంపెనీకి పంపుతున్న యాప్ ఒకటి దొరికింది. ఆ పనికి దానికి మైక్ అక్కర్లేదు, మనల్ని ఏ పర్మిషనూ అడగక్కర్లేదు.

మరి చీరల ప్రకటన ఎలా వచ్చింది? బట్టల షాపులో బిల్లు కట్టేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అంటారు, మనం చెప్పేస్తాం. అలా పోగైన నంబర్ల జాబితాను ప్రకటనల కంపెనీకి ఇచ్చి, వీళ్లకే నా ప్రకటన చూపించు అని అడిగే వీలు వ్యాపారులకు ఉంది. మనం ఏ సైట్లో ఏం చూశామో, ఏ ఊళ్లో ఉన్నామో కూడా ఆ కంపెనీలకు చేరుతూనే ఉంటుంది. ఇన్ని దారులుండగా కోట్ల మంది కబుర్లు రికార్డు చేసి, అందులో చీర అన్న మాట వెతుక్కోవాల్సిన ఖర్మ వాళ్లకేమిటి? నంబర్ ఇస్తేనే బిల్లు అని షాపులు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు!

అలాగని మైక్‌ను ఎవరూ దుర్వినియోగం చేయలేదని కాదు. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగా యాప్, ఏ బార్లలో దొంగ ప్రసారాలు వేస్తున్నారో పసిగట్టడానికి అభిమానుల ఫోన్ మైకులు వాడుకుంది. ఆ సంగతి జనానికి సరిగ్గా చెప్పలేదని 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2.5 లక్షల యూరోల జరిమానా వేసింది. పిలవకపోయినా ఐఫోన్‌లో మాటకు బదులిచ్చే సహాయకురాలు సిరి మేలుకుని మాటలు రికార్డు చేసిందన్న కేసులో ఆపిల్, తప్పు ఒప్పుకోకుండానే, 9.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఒక యాప్‌కు మైక్ ఎందుకో అర్థం కాకపోతే ఇవ్వకండి. ఇక్కడి వరకు ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

పచ్చ చుక్క విషయంలో మాత్రం మెసేజ్ తలకిందులుగా చెబుతోంది. ఏదో ఒక యాప్ ఇప్పుడు కెమెరానో మైకునో వాడుతోందని ఫోనే మనకు చెప్పే గుర్తు అది. ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఉంది. ఐఫోన్‌లో 2020 నుంచే కెమెరాకు పచ్చ, మైక్‌కు నారింజ. వీడియో కాల్లో అది కనిపించకపోతేనే అనుమానపడాలి. ఏమీ చేయకుండా ఉన్నప్పుడు వెలిగితే, పైనుంచి తెర కిందికి లాగి చుక్కను నొక్కితే ఏ యాప్ వాడుతోందో పేరు కనిపిస్తుంది. 2023 మేలో అర్ధరాత్రి వాట్సాప్ మైక్ వాడినట్టు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు చూపిస్తే పెద్ద గొడవే అయింది, మన కేంద్ర మంత్రి కూడా విచారిస్తామన్నారు. చివరికి ఆ లెక్క చూపించే చోట ఆండ్రాయిడ్‌లోనే లోపం ఉందని గూగుల్ ఒప్పుకుంది.

అన్నీ తీసేయమన్న సలహా వినడానికి బాగుంటుంది. మర్నాడు కిరాణా కొట్టు ముందు ఫోన్‌పే తెరిస్తే క్యూఆర్ స్కాన్ అవదు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. అప్పుడు వచ్చిన ప్రతి ప్రశ్నకూ చదవకుండా "అలో" నొక్కేస్తాం. అంతకంటే వాట్సాప్‌కు, యూపీఐ యాప్‌కు "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని, ఎప్పుడో ఒకసారి వాడేవాటికి "ప్రతిసారీ అడుగు" అని పెట్టుకోవడం మేలు. టార్చ్ యాప్‌కు, క్యాలెండర్ యాప్‌కు మైక్ ఇవ్వనే వద్దు. స్టిక్కర్ అంటారా, అంటించుకోండి, నష్టం లేదు. అది మైక్‌ను మూయదు, వెనక కెమెరాను మూయదు, అంతే.

అసలు గొడవ చివరి మాటతోనే. కెమెరా, మైక్ ఆపేస్తే మనం భద్రమట. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు ఎవరి మాటలూ వినలేదు. కాంటాక్ట్‌లు లాక్కుని, అత్తామామలకు, ఆఫీసులో మేనేజర్‌కు ఫోన్లు చేసి పరువు తీశాయి. అందుకే 2022లో రిజర్వ్ బ్యాంక్ లోన్ యాప్‌లు కాంటాక్ట్‌లు, కాల్ లిస్టు, ఫోన్‌లోని ఫైళ్లు ముట్టుకోకూడదని చెప్పింది. కెమెరా, మైక్ మాత్రం కేవైసీ కోసం, కస్టమర్ ఒప్పుకుంటే, ఒక్కసారికి వాడుకోవచ్చంది. మెసేజ్ భయపెడుతున్న రెండింటికీ షరతుతో అనుమతి, మెసేజ్ ఊసెత్తని వాటికి నిషేధం.

బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లదీ ఇదే దారి. చలానా అనో పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) నొక్కితే అది అడిగేది ఎస్ఎంఎస్ పర్మిషన్, ఓటీపీ చదువుకోవడానికి. లేదా యాక్సెసిబిలిటీ అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా పెట్టిన ఆ సదుపాయం ఒక్కటి చేతికిస్తే చాలు, తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లూ నొక్కగలదు. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచినప్పుడు మైక్ దగ్గరే ఆగిపోకుండా ఎస్ఎంఎస్, కాంటాక్ట్‌ల వరసలు కూడా చూడండి. యాక్సెసిబిలిటీ అక్కడ ఉండదు, సెట్టింగ్స్‌లో విడిగా వెతకాలి.

ఈ మెసేజ్‌కే కొన్నిచోట్ల చివర ఒక లింకు తగిలించి పంపుతున్నారు, ఈ యాప్ వేసుకుంటే మిమ్మల్ని ఎవరు వింటున్నారో చూపిస్తుందట. దాన్ని ముట్టుకోకండి. గడిచిన 24 గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి మైక్ వాడిందో ఆండ్రాయిడ్‌లోని ప్రైవసీ డ్యాష్‌బోర్డే చూపిస్తుంది. ఐఫోన్‌లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ఆన్ చేసుకుంటే 7 రోజుల లెక్క ఉంటుంది. లింకు నొక్కి అప్పటికే డబ్బు పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.