రన్నింగ్ టోటల్‌కి ఆర్డర్ బై ఒక్కటే చాలదు
ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి లెక్కలు తీసే భాష) గురించిన ఒక వ్యాసంలో, రన్నింగ్ టోటల్, అంటే ప్రతి వరుస దగ్గరా అప్పటిదాకా అయిన మొత్తం, కావాలంటే సమ్ పక్కన ఓవర్ రాసి, అందులో ఆర్డర్ బై (వరుసల క్రమం చెప్పేది) తేదీ పెడితే చాలన్నారు. చాలదండీ. ఫ్రేమ్, అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా వరుసలు కూడాలో, చెప్పకపోతే డిఫాల్ట్‌గా రేంజ్ అనే రకం పడుతుంది, ఒకే తేదీ ఉన్న వరుసలన్నీ ఒక గుంపైపోతాయి. మాదాపూర్‌లో నేను పనిచేసిన చోట టిఫిన్ సెంటర్ బిల్లుల లెక్కలో ఇదే జరిగింది. ఒకటో తారీఖున 200, 350, 150 అని మూడు బిల్లులుంటే మూడింటి పక్కనా 700 వచ్చి కూర్చుంది. 200, 550, 700 రావాలి కదా! జాయిన్‌లో (పట్టికల్ని కలిపే చోట) తప్పుందేమోనని సగం రోజు వెతికాను. రోస్ బిట్వీన్ అన్‌బౌండెడ్ ప్రిసీడింగ్ అండ్ కరెంట్ రో (మొదటి వరుస నుంచి ఈ వరుస దాకా) అని ఫ్రేమ్ రాసి, తేదీ తర్వాత బిల్లు నంబరు కూడా ఆర్డర్ బైలో చేర్చాక కుదిరింది. అమీర్‌పేట కోర్సులో వరుసలకి స్థానాలిచ్చే ర్యాంక్‌కీ డెన్స్ ర్యాంక్‌కీ తేడా ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టించారు గానీ, ఈ ఫ్రేమ్ ఊసే ఎత్తలేదు.