బురద మరకలు చూసే హోమ్స్, మణికట్టు చూసే హోమ్స్

ఇంగ్లీషు కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌గా తెర మీద ఎవరు బాగా చేసిన్రని నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగే కాలేజీ పిల్లలను అడిగితే, చాలామంది బెనెడిక్ట్ కంబర్‌బాచ్ అంటారు. కొందరు రాబర్ట్ డౌనీ జూనియర్ అంటారు. నా ఓటు మాత్రం పాత బ్రిటిష్ టీవీ సీరియల్‌లో హోమ్స్‌గా చేసిన జెరెమీ బ్రెట్‌కే.

ఎందుకో చెప్పాలంటే 1892లో అచ్చయిన ఒక హోమ్స్ కథ దగ్గరికి పోవాలి. పొద్దుపొద్దున్నే ఒక యువతి వణుక్కుంటూ బేకర్ స్ట్రీట్‌లోని హోమ్స్ ఇంటికి వస్తుంది. ఆమె ఎడమ చేతి మీద చిందిన బురదను చూసి, గుర్రబ్బండిలో బండి తోలేవాడి పక్కన కూర్చుని వచ్చిందని హోమ్స్ చెప్పేస్తాడు. అందరికీ గుర్తుండేది ఇదే. కానీ కాసేపటికి ఆమె చేతి అంచున ఉన్న లేసును పక్కకు జరిపి, మణికట్టు మీద కమిలిన ఐదు వేళ్ల గుర్తులు చూస్తాడు. సవతి తండ్రి చేసిన పనిని ఆమె దాచిపెడుతోందని అర్థం చేసుకుంటాడు. బురద సంగతి తెలివి. మణికట్టు సంగతి మనిషి.

మన పల్లెల్లో భాగవతం చూసిన పెద్దలకు ఈ లెక్క కొత్తది కాదు. హరిశ్చంద్రుడి కథ తెలియనిదెవరికి? వేషగాడు పద్యం ఎంతసేపు లాగాడన్నదానికి ఈలలు పడతాయి. కాటికాడ సొంత భార్యను సుంకం అడిగేటప్పుడు వాడి మొహం ఎట్లుందన్నది మాత్రం మర్నాడు కూడా ముచ్చట్లలోకి వస్తుంది.

కంబర్‌బాచ్ పద్యం బాగా లాగుతాడు. 2010లో మొదలైన ఆయన ‘షెర్లాక్’ టీవీ సీరియల్‌లో ఆనవాళ్లు తెర మీద అక్షరాలై తేలుతుంటే, మాటలు తూటాల్లా పేలుతాయి. అయితే అందులో మొరటుతనమే మేధావితనంగా చెలామణి అవుతుంది. కష్టం చెప్పుకోను వచ్చినవాళ్లను పుస్తకంలోని హోమ్స్ ముందు కుదుటపరుస్తాడు, ఆ తర్వాతే ప్రశ్నలు. డౌనీ కుస్తీల మీద నాకు పేచీ లేదు, హోమ్స్‌కు బాక్సింగ్ వచ్చని రాసిందే.

బాసిల్ రాత్‌బోన్ కథ వేరు. 1939 నుంచి 1946 దాకా హోమ్స్‌గా 14 సినిమాలు, పుస్తకంలోని బొమ్మలోంచి దిగివచ్చినట్టుండే మొహం. చిక్కల్లా పక్కనుండే హోమ్స్ దోస్తు వాట్సన్‌తో. అఫ్ఘాన్ యుద్ధంలో గాయపడిన డాక్టరును నైజెల్ బ్రూస్ చేత తికమక హాస్యగాడిగా చేయించిన్రు. తెలివితక్కువవాడి పక్కన తెలివిగా కనిపించడం ఏం గొప్ప? హోమ్స్‌గా చేసిన రష్యన్ నటుడు వసీలీ లివనోవ్‌కు ఆ ఇబ్బంది లేదు, ఆయన వాట్సన్ నిజమైన దోస్తు.

బ్రెట్ 1984 నుంచి 1994 దాకా 41 ఎపిసోడ్లు చేశాడు. హోమ్స్ అలవాట్ల మీద 77 పేజీల ఫైలే దగ్గర పెట్టుకున్నాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని, వేళ్లు ఆనించి వింటాడు. ఆ వినడంలోనే సగం నటన ఉంది. చివరి ఏండ్లలో జబ్బుతో ఒళ్లు ఉబ్బింది, చురుకు తగ్గింది. వినే తీరు మాత్రం చెదరలేదు.

అట్ల వినేవాణ్ని మనవాళ్లు 1993లోనే దూరదర్శన్‌లో చూసిన్రు. ధోవతి కట్టుకున్న బెంగాలీ డిటెక్టివ్ బ్యోంకేశ్ బక్షీగా రజిత్ కపూర్. తెలుగులో డిటెక్టివ్ అంటే 1986 నాటి చిరంజీవి ‘చంటబ్బాయ్’ నుంచి 2019లో నవీన్ పొలిశెట్టి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ దాకా ముందు నవ్వించాల్సిందే. అయినా తల్లి చావు దగ్గర నవీన్‌కు ఆ మణికట్టు ఘట్టం దొరికింది, నిలబెట్టుకున్నాడు కూడా. రేపు ఎవరైనా తెలుగులో హోమ్స్‌ను తీస్తే హీరోకు ఎన్ని డైలాగులు రాసిన్రని కాదు, ఎదుటి మనిషి చెప్పేది ఎంతసేపు విననిచ్చిన్రని చూస్తాను.