వగరు కూడా దిగుమతి కావాలి

హైదరాబాద్ వంటింట్లో ఒక లోటు ఉందని మనకు చాలాకాలం తెలియలేదు. పులుపుకు చింతపండు ఉంది, కారానికి గుంటూరు ఉంది, ఉప్పుకు సముద్రం ఉంది. వగరు మాత్రం ఇన్నాళ్లూ చెట్టు మీద ఉచితంగా కాస్తూ ఉండిపోయింది. ఉచితంగా దొరికేది ఒంటికి ఎలా పడుతుంది? ఆ లోటు తీర్చడానికి పోలండ్ ముందుకొచ్చింది.

అరోనియా అనే వగరు పండును ఎండబెట్టి ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఆరోగ్యానికి మంచిదంటూ. జిప్ ఉన్న పౌచ్, దాని మీద ఆకు బొమ్మ, లోపల మిరియాల కంటే కాస్త పెద్దగా, ముడుచుకుపోయిన నల్లటి పండ్లు. ఒకటి నోట్లో వేసుకుంటే మొదట కొంచెం తీపి తగిలి నమ్మిస్తుంది. నమిలాక చెంపలు లోపలికి పీక్కుపోతాయి. అందులో వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి కాబట్టి నోరు ఎండిపోయినట్టు ఉంటుంది. మందు పనిచేస్తోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

వంశం కూడా చిన్నదేం కాదు. పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతం. రష్యాలో ఇవాన్ మిచూరిన్ అనే ఉద్యానవేత్త దాన్ని చేరదీశాడు. ఎంత చలికైనా తట్టుకుంటుంది కాబట్టి సోవియట్ తోటల్లో స్థిరపడింది. ఇప్పుడు ప్రపంచంలో పండే అరోనియాలో సింహభాగం పోలండ్‌దే. అక్కడ ఎక్కువగా జ్యూస్‌కు, జామ్‌కు, ఆహారానికి రంగుగా వాడతారు. అదీ ఆపిల్ లాంటి తియ్యటి పండు తోడుంటేనే. మనకు ఆ బలహీనత లేదు, పరగడుపునే గుప్పెడు నములుతాం. మిచూరిన్ 1935లో కన్నుమూశాడు. మన మొజంజాహీ మార్కెట్ కట్టిందీ 1935లోనే. ఇది యాదృచ్ఛికం అనుకునేవాళ్ల కోసం నేను ఈ వ్యాసం రాయడం లేదు.

కొందరు వితండవాదులు నేరేడు సంగతి ఎత్తుతారు. అదే వగరు, అదే ఊదా రంగు, రంగునిచ్చే ఆంథోసైనిన్లు అందులోనూ ఉన్నాయంటారు. ఉంటే మాత్రం ఏం లాభం? జూన్ రాగానే తోపుడుబండి మీద పోసి, ఉప్పు చల్లి, కాగితంలో కట్టిచ్చే పండుకు లేబుల్ ఏదీ? వంద గ్రాములకు ఎంత యాంటీఆక్సిడెంటో బండివాడు చెప్పగలడా? పైగా తిన్నాక నాలుక ఊదాగా మారుతుంది, చూడ్డానికి మోటుగా ఉంటుంది. అరోనియాకూ మారుతుంది కానీ, అది స్టేటస్‌లో పెట్టుకునే ఊదా.

ఇక వంట. మా పక్క ఫ్లాట్ వదిన ఇడ్లీతో శ్రీకారం చుట్టింది. నానిన అరోనియాను రుబ్బి పిండిలో కలిపితే చక్కటి గులాబీ రంగు వచ్చింది. పులిసిన పిండి కదా, పులుపు తగిలితే ఆ రంగు ఎర్రబారుతుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఇంకా మెత్తగా రావాలని చిటికెడు అనుకుంటూ చెంచాడు వంటసోడా వేసింది. సోడా క్షారం, దాంతో రంగు అడ్డం తిరిగింది. కుక్కర్ మూత తీసేసరికి ఇడ్లీలు నీలమూ కాని, పచ్చా కాని, వారం కింద దెబ్బ తగిలిన మోకాలి రంగులో ఉన్నాయి. వాళ్ల అత్తగారు ప్లేటు చూశారు, కోడల్ని చూశారు. “ఇవి ఎప్పటివమ్మా?” అన్నారు. యాంటీఆక్సిడెంట్ల మీద వదిన ఉపన్యాసం అంతా ఓపిగ్గా విని, లేచి వెళ్లి రవ్వ వేయించుకున్నారు.

పాయసం నయం. పాలలోని ప్రొటీన్ టానిన్లను తన వైపు లాక్కుంటుంది, వగరు తగ్గుతుంది. రంగు మాత్రం బూడిద కలిపినట్టు తేలుతుంది కాబట్టి కరెంటు పోయినప్పుడు వడ్డించడం మేలు. పెరుగు ఇంకా నయం, దాని పులుపు రంగునూ కాపాడుతుంది.

ఖుబానీ కా మీఠా తినే ఊరికి ఎండుపండు నానబెట్టడం ఒకరు నేర్పాలా? రాత్రి నానేసి, ఆ నీళ్లలోనే చక్కెర వేసి ఉడికించడమే. అదే పద్ధతి దీనికీ పట్టాం. ఖుబానీ అయితే ఉడికి గుజ్జవుతుంది. అరోనియా ఉడికి అరోనియాగానే ఉంది. మిక్సీలో వేయక తప్పలేదు. వగరు విరగడానికి చక్కెర రెట్టింపు పట్టింది, పైన మీగడ. ఆరోగ్యం కోసం చేసిన ఆ మీఠాను ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు కనబడకుండా దాచాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే బాగా కుదిరింది పచ్చడి ఒక్కటే. నానిన పండ్లను కచ్చాపచ్చాగా నూరి, బెల్లం, ఉప్పు, కాస్త చింతపండు గుజ్జు వేసి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెడితే, వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకోవడానికి వాక్కాయ పచ్చడికి ఏమాత్రం తీసిపోలేదు. అదే వచ్చిన చిక్కు. అంత డబ్బు పోసి కొన్నాక, వచ్చిన చుట్టం నాలుగు ముద్దలు తిని “వాక్కాయలు ఎక్కడ దొరికాయి వదినా?” అంటే పరువేం కాను? అందుకే ఈ పచ్చడి వడ్డించేటప్పుడు పౌచ్ కూడా టేబుల్ మీద నిలబెట్టాలి, లేబుల్ చుట్టాల వైపు తిప్పి.

వచ్చే ఉగాది పచ్చడిలో మామిడి పిందెలు మానేసి అరోనియా వేయాలని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రతిపాదన పెట్టాను. ఆ ఏడు పంచాంగ శ్రవణంలో పన్నెండు రాశులకూ వ్యయమే ఎక్కువ చదవాల్సి వస్తుంది కాబట్టి పంతులుగారికి ముందే చెప్పి ఉంచాలి.

నేరేడు బండివాడి భవిష్యత్తు మీద కూడా నాకు బెంగ ఉంది. మొన్న వీధి మలుపులో ఆపి విడమరిచి చెప్పాను. పండ్లు ఎండబెట్టు, వంద గ్రాముల పౌచ్‌లో పెట్టు, మీద ఆకు బొమ్మ వేయించు, ధర పదింతలు చెయ్యి, అప్పుడు చూడు జనం ఎలా ఎగబడతారో అన్నాను. అతను కాటా చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. “బాగుంది సార్. ఇప్పుడు పావుకిలో కట్టాలా, అర్ధకిలోనా?” అన్నాడు. అర్ధకిలో కట్టమని, పది రూపాయలు తగ్గించమన్నాను.