పొమ్మనలేక దారి మూస్తున్నారు

వేరే కంపెనీలో ఉన్న పాత మెయిల్‌ను జీమెయిల్ పెట్టెలోకి తెప్పించుకుని చదివే సదుపాయాన్ని 2026 జనవరి నుంచి ఎత్తేస్తామని గూగుల్ ముందే చెప్పింది. పాప్ అనే పద్ధతిలో వేరే సర్వర్ నుంచి ఉత్తరాలు తెచ్చుకోవడం, పాత ఖాతాను జీమెయిల్‌కు ముడిపెట్టే జీమెయిలిఫై అనే ఏర్పాటు, రెండూ పోతాయంది. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో పాత ఖాతాను విడిగా చేర్చుకోవచ్చు గానీ, కంప్యూటర్‌లో రెండు పెట్టెలూ ఒక్కటిగా ఉండవు. యాహూలోనో హాట్‌మెయిల్‌లోనో ఇరవై ఏళ్ల కిందట ఖాతా తెరిచి, అన్నిటినీ జీమెయిల్‌లోనే చూసుకోవడానికి అలవాటు పడ్డ లెక్చరర్లు, డాక్టర్లు, వ్యాపారులు హనుమకొండలో ఉన్నారు. వాళ్లకిది చికాకు. మిగతావాళ్లకు వార్త కూడా కాదు. కానీ దీన్ని అంతకుముందు జరిగిన మార్పుల పక్కన పెట్టి చూస్తే ఒక వరస కనిపిస్తుంది.

2021 జనవరి 1 నుంచి యాహూ తన ఉచిత ఖాతాదారులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ ఆపేసింది. పాత చిరునామాకు వచ్చిన ఉత్తరం దానంతటదే కొత్త చిరునామాకు చేరాలంటే డబ్బు కట్టాల్సిందే. చెన్నై కంపెనీ జోహో ఉచిత ప్లాన్‌లో, వేరే యాప్‌లోకి మెయిల్ తెచ్చుకోనిచ్చే ఐమ్యాప్, పాప్ పద్ధతులు లేవు. వాళ్ల సైటు, వాళ్ల యాప్ తప్ప వేరే దారిన మన మెయిల్‌ను మనం తెచ్చుకోలేం. తీసేసినవి, ఇవ్వనివి ఏవో గమనించండి. రంగులూ హంగులూ అలాగే ఉన్నాయి. బయటికి వెళ్లే దారులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

ఉచితంగా ఇచ్చేవాళ్లు తగ్గించుకుంటే తప్పు పట్టే హక్కు మనకు పెద్దగా లేదని మేము ఒప్పుకుంటాం. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ ఇస్తామన్నప్పుడు హాట్‌మెయిల్ ఇస్తున్నది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. తారీఖు చూసి చాలామంది అది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. 2013లో యాహూ ఏకంగా ఒక టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ ఇచ్చింది, 2025లో దాన్ని 20 జీబీకి కుదించింది. జనాన్ని చేర్చుకునే రోజుల్లో దోసిళ్లతో పోశారు, చేరడం అయిపోయాక కొలత పెట్టారు. వ్యాపారమన్నాక అంతే. స్థలం తగ్గించుకోవడం వాళ్ల ఇష్టం. నచ్చనివాడు సామాను సర్దుకుని వెళ్లిపోతానంటే గేటు వేయడం మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేయాల్సిన విషయం కాదు.

స్థలం సంగతీ అంత చిన్నదేం కాదు. గూగుల్ ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు, డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపి. 2021 జూన్ 1కి ముందు ఫొటోలను కాస్త నాణ్యత తగ్గించి ఎన్నయినా ఉచితంగా దాచుకోనిచ్చారు. ఆ రోజు నుంచి ప్రతి ఫొటో లెక్కలోకి వస్తోంది. 2024లో ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోనే కలిసింది. మేడారం జాతరలో తీసిన వీడియోలు, చెల్లె పెళ్లి ఆల్బమ్, కుటుంబ గ్రూపులోని శుభోదయాలు అన్నీ కలిసి పెట్టె నిండితే కొత్త మెయిల్ రాదు. పంపినవాడికి తిరుగు టపా వెళ్తుంది, అందాల్సినవాడికి ఆ ముక్క కూడా తెలియదు. ఇంటర్వ్యూ కబురు రాలేదని ఎదురుచూసే కుర్రాడికి, తన ఉత్తరానికి అడ్డం పడ్డది జాతర వీడియో అని తట్టే అవకాశం ఎక్కడుంది?

ఇక మన జిల్లాల్లో అసలు చిక్కు ఖాతా తెరిచే చోటే ఉంది. నయీంనగర్, కిషన్‌పుర వీధుల్లో నెట్ సెంటర్ లేని మలుపు కనిపించదు. పోటీ పరీక్షలకు, ఎప్‌సెట్‌కు, స్కాలర్‌షిప్‌కు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ వరసలో నిలబడతారు. ఫారంలో మెయిల్ ఐడీ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోదు. సెంటర్ పిల్లగాడు రెండు నిమిషాల్లో ఒకటి తయారు చేస్తాడు. పేరు, పుట్టిన ఏడాది, తోక ఒకటి. పాస్‌వర్డ్ కూడా ఆయనే పెడతాడు. ఖాతా పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే ఫోన్ నంబరు ఒక్కోసారి దుకాణానిదే అవుతుంది. దరఖాస్తు ముగిసింది, చేతిలో ప్రింటు పడింది, మెయిల్ సంగతి అక్కడితో మరుపు. మరుసటి ఏడాది ఇంకో పరీక్షకు ఇంకో సెంటర్లో ఇంకో ఐడీ. ఒక్కో నిరుద్యోగి పేరు మీద అరడజను ఖాతాలుంటే, అందులో ఒక్కదాని తాళం కూడా అతని దగ్గర ఉండదు.

ఆ సెంటర్ కుర్రాడిని మేము తప్పు పట్టడం లేదు. ఎండలో నిలబడ్డ యాభై మందికి పని కావాలి, ఆఖరు తేదీకి సర్వర్ నెమ్మదిస్తుంది. తప్పు ఎక్కడంటే, మెయిల్ అన్నది ఫారం నింపడానికి కావాల్సిన ఒక గడి మాత్రమే అని అందరం అనుకోవడంలో ఉంది. తెరవని ఖాతాను కంపెనీలు ఎల్లకాలం ఉంచవు. పన్నెండు నెలలు లాగిన్ కాకపోతే యాహూ పెట్టె ఖాళీ చేస్తుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. ఫోన్ నంబరుదీ అదే దారి. రీచార్జి లేక ఆగిపోయిన నంబరు కనీసం తొంభై రోజుల తర్వాత వేరేవాళ్లకు పోవచ్చు, ఆపైన ఓటీపీ వెళ్లేది వాళ్లకే. గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మనుషులకు ఇది మరింత నిజం. ఇక్కడి సిమ్ పెట్టెలో పడేసి వెళ్లి రెండేళ్లకు తిరిగొస్తారు. అప్పటికి సిమ్మూ ఉండదు, దాని మీద నిలబడ్డ మెయిలూ ఉండదు, ఆ మెయిల్‌తో తెరిచిన పాస్‌పోర్ట్ సేవ లాగినూ అందదు.

వ్యాపారులది ఇంకో కథ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ హడావుడిలో చాలా దుకాణాలకు ట్యాక్స్ కన్సల్టెంటు తన మెయిలే రాసేశాడు. కొత్తవాడ దర్రీల వ్యాపారి కావచ్చు, ఎనుమాముల మార్కెట్లో కమీషన్ వ్యాపారి కావచ్చు, తన రిజిస్ట్రేషన్‌లో ఏ మెయిల్ ఉందో ఇవాళ చూసుకుంటే మంచిది. కేంద్ర జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్‌కు నోటీసు పంపడం కూడా చెల్లే పద్ధతుల్లో ఒకటి. ఆ పెట్టె ఎవరూ తెరవకపోయినా, నిండిపోయినా, కన్సల్టెంటు మారిపోయినా చట్టానికి అవి సాకులు కావు. పోర్టల్‌లో మెయిల్ మార్చుకోవడం పెద్ద పనేం కాదు, కొత్త చిరునామాకూ ఫోన్‌కూ వచ్చే ఓటీపీలు కొడితే చాలు.

కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 అక్టోబరులో జోహో మెయిల్‌కు మారారు, కొత్త చిరునామాను ఎక్స్‌లో ప్రకటించారు. ఆయన మారితే దేశమంతటికీ ఒక్క పూటలో తెలిసిపోతుంది. హసన్‌పర్తి కుర్రాడు మారితే బ్యాంకుకు, బోర్డుకు, యూనివర్సిటీకి, పీఎఫ్‌కు, ఎక్కడెక్కడ ఇచ్చాడో గుర్తులేని ఇరవై చోట్లకు తనే పోయి చెప్పుకోవాలి. స్వదేశీ మెయిల్‌కు మారండన్న పిలుపు మంచిదే. అయితే స్వదేశీ అయినా విదేశీ అయినా ఉచిత పథకం ఉచిత పథకమే. రేపు వాళ్లూ నిబంధన మారిస్తే మళ్లీ ఇదే తిరుగుడు.

దీనికి మందు మనకు తెలియనిది కాదు. మొబైల్ కంపెనీ మారినా నంబరు మారకుండా ఉండే హక్కు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. అంతకుముందు టెలికాం కంపెనీలు ఎన్ని అభ్యంతరాలు చెప్పినా, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పట్టుబట్టాక 1900కు ఒక మెసేజ్ పెడితే పని మొదలవుతోంది. ఆ హక్కు ఉండబట్టే నచ్చని కంపెనీని నంబరు పోకుండా వదలగలుగుతున్నాం. మెయిల్‌కు అచ్చంగా అదే కుదరదని మాకు తెలుసు. ఎట్ గుర్తు తర్వాత ఉండేది కంపెనీ పేరు, దాన్ని ఇంకో కంపెనీ తన సర్వర్‌లో నడపలేదు. కుదిరేది మళ్లింపు. ఊరు మారామని పోస్టాఫీసులో రాసిస్తే ఉత్తరాన్ని కొత్త చిరునామాకు పంపే పద్ధతి తపాలాశాఖలో ఎప్పటి నుంచో ఉంది. సర్వర్‌కు అది అంతకన్నా తేలిక. యాహూ తీసేసింది కష్టమై కాదు, డబ్బు కట్టినవాళ్లకు ఇప్పటికీ ఇస్తోంది.

కాబట్టి మేము అడిగేది ఇది. భారతదేశంలో ఉచిత మెయిల్ ఇచ్చే ఏ కంపెనీ అయినా, వెళ్లిపోతానన్న ఖాతాదారుకు కనీసం ఒక ఏడాది పాటు ఉచితంగా మళ్లింపు ఇవ్వాలి. పాత ఉత్తరాలన్నీ వేరేచోట తెరుచుకునే రూపంలో ఇవ్వాలి. రెండోది గూగుల్ 2013 చివరి నుంచి టేకౌట్ పేరుతో ఇస్తూనే ఉంది, అందరూ ఇవ్వొచ్చు. సొంత సమాచారాన్ని ఇంకో సంస్థకు పట్టుకుపోయే హక్కు యూరప్ చట్టంలో 2018 నుంచి అమలులో ఉంది. మన 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులోనూ ఉండేది. ఆ బిల్లును 2022లో వెనక్కి తీసుకుని, 2023లో తెచ్చిన చట్టంలో దాన్ని వదిలేశారు. చూసుకునే హక్కు, సరిదిద్దుకునే హక్కు, చెరిపించుకునే హక్కు, చివరికి మనం పోయాక ఎవరు వాడాలో నామినీని పెట్టే హక్కు కూడా ఉన్నాయి. పట్టుకుపోయే హక్కు లేదు. చచ్చాక సంగతి ఆలోచించి, బతికుండగా ఇల్లు మారే సంగతి మరిచారు.

రాష్ట్ర ప్రభుత్వం కూడా ముందు తన వాకిలి చూసుకోవాలి. అధికారిక వ్యవహారానికి బయటి మెయిల్ వాడొద్దని కేంద్రం 2015లోనే తన ఈ-మెయిల్ విధానం నోటిఫై చేసింది. మన దగ్గర కొన్ని కార్యాలయాల, కాలేజీల బోర్డుల మీద ఇప్పటికీ ఉచిత మెయిల్ చిరునామాలే. అధికారి బదిలీ అయితే పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందో, ప్రజలు పంపిన అర్జీలు ఏమవుతాయో అడిగితే జవాబు చెప్పే నాథుడు దొరకడు. యూనివర్సిటీలదీ ఆలోచించాల్సిన పరిస్థితే. విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత నిల్వను 2022 నుంచి సంస్థ మొత్తానికి 100 టీబీకి గూగుల్ కట్టేసింది. అప్పటి నుంచి పాత విద్యార్థుల ఖాతాలు సంస్థలకు బరువయ్యాయి. కాలేజీ మెయిల్‌తో ఉద్యోగాలకు దరఖాస్తు చేసే చివరి ఏడాది పిల్లలు ఆ చిరునామా ఎన్నాళ్లుంటుందో ముందే రాతపూర్వకంగా అడగాలి.

మారాలనుకున్నవాళ్లకు ఒక మాట. ఏరు దాటకముందే తెప్ప తగలేయొద్దు. కొత్త ఖాతా తెరిచాక ముందు బ్యాంకు, ఆదాయపు పన్ను, జీఎస్టీ, పాస్‌పోర్టు, పీఎఫ్ చోట్ల మార్చండి, తర్వాతే బంధువులకు చెప్పండి. పాత పెట్టెలోకి ఏడాది పాటు నెలకోసారి తొంగిచూస్తే మరిచిపోయిన చిరునామాలన్నీ వాటంతటవే బయటపడతాయి; ఉగాదికి ఒకసారి పలకరించే పాలసీ కంపెనీ లాంటివి. రికవరీ నంబరు సొంతదే ఉండాలి. ఫోన్ దగ్గర లేకపోయినా లాగిన్ కావడానికి ముందే ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, భూమి పట్టా పాస్‌బుక్కు పెట్టే చోటే పెట్టండి.

దుకాణాలు, సంఘాలు, ఆసుపత్రులు అయితే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. సొంత డొమైన్ పేరు, అంటే ఎట్ గుర్తు తర్వాత ఉండే పేరు, మనమే కొనుక్కుంటే కంపెనీ మారినా చిరునామా మారదు. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి చాలాచోట్ల వెయ్యి రూపాయల లోపే అవుతుంది, ఫ్లెక్సీ ఒకటి తగ్గిస్తే సరిపోతుంది. మెయిల్ పెట్టె నడిపే కంపెనీకి ఇచ్చేది వేరే. ఏటా రెన్యువల్ మరిస్తే ఆ పేరు ఎవరైనా ఎగరేసుకుపోతారు, అప్పుడు మీ కస్టమర్ల ఉత్తరాలు వాళ్ల చేతిలో పడతాయి. డొమైన్‌ను వెబ్‌సైటు చేసిచ్చినవాడి పేరు మీద కాకుండా యజమాని పేరు మీదే తీసుకోవాలి. మన పట్టణాల్లో ఈ తప్పు తరచూ జరుగుతోంది.

నిరుద్యోగులను డొమైన్ కొనుక్కోమని చెప్పడం భావ్యం కాదు. వాళ్ల కోసం పబ్లిక్ సర్వీస్ కమిషన్, ఎప్‌సెట్ నిర్వాహకులు, మీసేవ కలిసి చేయగలిగింది ఒకటుంది. ఫారంలో మెయిల్ గడిని తప్పనిసరి నుంచి తీసేయాలి. ఇచ్చినవాళ్ల చిరునామాకు ఒక కోడ్ పంపి, అది కొడితేనే దాన్ని నమోదు చేయాలి. మెయిల్ తెరవలేనివాడికి ఆ సంగతి దరఖాస్తు రోజునే తెలిసిపోతుంది. మార్చుకునే అవకాశం హాల్ టికెట్ వచ్చేదాకా తెరిచి ఉంచాలి. కొత్త డేటా చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమలులోకి వస్తాయి. మళ్లింపు హక్కును చట్టంలో చేర్చే సవరణకు ఈ గడువు చాలు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, పెద్దపల్లి ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేయాలి.