చనిపోయినవాళ్ల మాటల్ని ముక్కలు చేసి తీర్పులు చెప్పకండి

అహ్మదాబాద్ విమానం మీద తీర్పులు ఇంకా ఆగలేదు. "ఏటి బావా, పైలట్టే ఇంధనం ఆపేసేడట, రికార్డింగులో ఉందట" అని మా విజయనగరంలో టీ కొట్టు దగ్గర కూడా తేల్చేస్తున్నారు. ఆ రికార్డింగు ఎవరు విన్నారు? 2025 జూన్ 12న 260 మందిని బలిగొన్న ప్రమాదం అది. నెల రోజులకు వచ్చిన ప్రాథమిక నివేదికలో పైలట్లు ఒకరితో ఒకరు అన్న మాటలు ఒక్కచోటే ఉన్నాయి. ఎందుకు కట్ చేశావని ఒకరు అడిగారు, నేను చేయలేదని రెండో ఆయన అన్నారు. అడిగిందెవరో, జవాబిచ్చిందెవరో కూడా అందులో లేదు. రెండు గంటల రికార్డింగులోంచి ఈ రెండు మాటలే జనం మీదికి వదలడం నా దృష్టిలో పెద్ద తప్పు.

ఎందుకంటున్నానో ఊబర్లింగన్ ప్రమాదం చూస్తే తెలుస్తుంది. 2002 జూలై 1 రాత్రి, జర్మనీ మీద ఒక రష్యన్ ప్రయాణికుల విమానం, ఒక సరుకు విమానం గాల్లోనే ఢీకొన్నాయి. 71 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంది. ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి, ఒకదాన్ని పైకి, రెండోదాన్ని కిందికి వెళ్లమని చెప్పే యంత్రం అది. ఆ రాత్రి రెండిటికీ సరిగ్గానే చెప్పింది. కానీ కింద జ్యూరిక్‌లో ఒక్కడే రెండు స్క్రీన్ల పని చూసుకుంటున్న కంట్రోలర్, అంటే నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే ఉద్యోగి, రష్యన్ విమానాన్ని దిగమన్నాడు. వాళ్లు ఆయన మాట విన్నారు. సరుకు విమానం యంత్రం మాట విని దిగింది.

"పైలట్ టీకాస్ మాట వినలేదు" అని ఒక్క వాక్యంలో చెప్పేస్తే అది అబద్ధం కాదు. అయినా ఘోరమైన అన్యాయం. కాక్‌పిట్ రికార్డింగు మొత్తం విన్నారు కాబట్టే, యంత్రం పైకెళ్లమంటోందని కో పైలట్ గుర్తుచేసిన సంగతి, కంట్రోలర్ మనల్ని కిందికి దించుతున్నాడని పక్కాయన అన్న సంగతి బయటపడ్డాయి. యంత్రం మాటా, కంట్రోలర్ మాటా ఒకేసారి చెవిన పడితే ఎవరిది వినాలి? దీనికి స్పష్టమైన సమాధానం అప్పటి పుస్తకాల్లోనే లేదు. తర్వాత ఆ నియమాన్ని తేటగా రాశారు, టీకాస్ మాటే పైమాట అని. గొంతులు దొరకడం వల్ల కలిగిన మేలు ఇది.

మన దగ్గరికి వద్దాం. 2023 అక్టోబర్ 29, పైడితల్లమ్మ సిరిమానుకు రెండు రోజుల ముందు, కంటకాపల్లి దగ్గర పలాస పాసింజర్‌ని వెనక నుంచి రాయగడ పాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. రైళ్లు ఢీకొనకుండా వాటంతటవే బ్రేకులు వేయించే కవచ్ ఆ లైనులో లేదు. గుద్దిన బండి లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ చనిపోయారు. కొన్ని నెలలకు సాక్షాత్తూ రైల్వే మంత్రే వాళ్లు ఫోన్లో క్రికెట్ చూస్తున్నారన్నారు. ఊరూరా అదే మాట పాకింది. వాళ్లు ఫోన్లో క్రికెట్ చూడలేదని విచారణలో తేలిందన్న వార్త మాత్రం మా వీధి మలుపు కూడా దాటలేదు. పాడైన సిగ్నళ్ల దగ్గర నియమం తప్పారన్నది నిజమే కావచ్చు. కానీ ఎందుకు తప్పారు? ఆ కేబిన్‌లో ఏం మాట్లాడుకున్నారో వినగలిగి ఉంటే, వాళ్ల పిల్లలకు "క్రికెట్ చూసి చంపేసినోళ్ల పిల్లలు" అన్న మాట పడేదా?

ఇంజన్లలో వాయిస్ రికార్డర్లు వద్దని యూనియన్లు అంటున్నాయి. వాళ్ల భయం నాకర్థమవుతుంది, రోజువారీ కబుర్లు పట్టుకుని మెమోలిస్తారని. అందుకే ప్రమాదం జరిగితే తప్ప ఎవరూ తెరవకూడదని చట్టంలో రాయాలి. రికార్డర్ మాత్రం ఉండి తీరాలి.

పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే. ఇంకోపక్క భోగాపురంలో విమానాశ్రయం వస్తోంది. ఆయన్ని అడుగుతున్నాను: అహ్మదాబాద్ తుది నివేదికలో కాక్‌పిట్ మాటలు ముందూ వెనకా సందర్భంతో సహా ఇవ్వండి, మధ్యలో లీకులు చేసేవాళ్లను వదలకండి. రైల్వేని అడిగేది రెండే. పలాస లైనులో కవచ్ ఎప్పటికి పూర్తవుతుందో తేదీ చెప్పండి. ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి క్షమాపణ చెప్పండి.